నాన్నగారి షెడ్డులో దొరికిన మూడు గేరు రాడ్లు: ఏ బండివి? ఎలా అమ్మాలి?

దాసన్నపేట షెడ్డు (విజయనగరం)
అందరికీ నమస్కారం. మా నాన్నగారు దాసన్నపేటలో చిన్న మెకానిక్ షెడ్డు నడిపేవారు. ఆయన పోయాక షెడ్డు మూతపడింది. స్థలం అమ్మకానికి పెట్టాం కాబట్టి లోపలి సామాను తీయక తప్పడం లేదు. నిన్న పాత ఇనుము కొనే ఆయన వచ్చి అంతా కలిపి కాటా వేసి పట్టుకుపోతానన్నాడు. పక్కనే ఉన్న మా తమ్ముడు గోనె సంచిలో చుట్టి పెట్టిన మూడు రాడ్లను మాత్రం బయటకు తీసి పక్కన పెట్టాడు. నాన్నగారు ఏ వస్తువునూ ఊరికే చుట్టి పెట్టే మనిషి కాదు.

ఒకటి పొడవైన గేరు రాడ్డు, మధ్యలో వంపు ఉంది. పైన నల్లటి గుండ్రని నాబ్, కింద గుండులా ఉబ్బి, దాని అడుగున వేలులాంటి కొన. ఆ కొన ఒక పక్క అరిగి నున్నగా మెరుస్తోంది. మిగిలిన రెండూ పొట్టివి. రెండూ ఒకే కడ్డీకి జంటగా గుచ్చి ఉన్నాయి, విడివిడిగా కదులుతున్నాయి. ఫొటోలు పెట్టాను. ఇవి ఏ బండివి? అమ్మితే కొనేవారుంటారా? ఇనుము ధరకు ఇచ్చేయాలని మనసు ఒప్పడం లేదు.

కోట జంక్షన్ (విజయనగరం)
అంబాసిడర్‌ది అయ్యుండాలి అక్కా. మన ఊళ్లో పాత షెడ్డు అంటే అంబాసిడర్లే కదా. గంటస్తంభం దగ్గర టాక్సీలన్నీ అవే ఉండేవి. ఇప్పుడు అంబాసిడర్ సామానుకు గిరాకీ బాగానే ఉంది.

సాలూరు ఘాటీ (సాలూరు)
బాబూ, అంబాసిడర్‌కు గేరు స్టీరింగు పక్కన ఉంటుంది, కింద కాదు. 1957లో మొదలైన బండికి చాలా ఏళ్లు అదే పద్ధతి. ఇసుజు ఇంజన్‌తో వచ్చిన 1800లో గేరు కిందకు దిగింది, అది 5 గేర్ల పెట్టె. ప్రీమియర్ పద్మినికీ స్టీరింగు పక్కనే. స్టాండర్డ్ హెరాల్డ్‌కు గేరు కిందే ఉండేది గానీ దానికి పక్కన ఈ పొట్టి రాడ్లు ఎందుకుంటాయి?

అమ్మా, ఆ జంట రాడ్లే చెబుతున్నాయి. ఇది జీపు సామాను. పొడవైనది మామూలు గేరుకు. పొట్టివాటిలో ఒకటి ముందు చక్రాలకు శక్తి కలపడానికి, రెండోది 'హై' (మామూలు వేగం), 'లో' (నిదానం, ఎక్కువ లాగుడు) మార్చడానికి. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే దారిలో వర్షాకాలం ఈ మూడు రాడ్ల మీద చేయి వేసి బండి నడిపినవాణ్ణి. చూడగానే చేతికి తెలుస్తుంది.

నాగావళి గ్యారేజి (శ్రీకాకుళం)
ఘాటీ గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. జీపే. కానీ ఏ జీపు అన్నదాని మీదే విలువంతా ఉంది. మన ప్రాంతంలో తిరిగినవి ముఖ్యంగా రెండు రకాలు. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు సైన్యం కోసం తయారు చేసినవి ఒకటి. విల్లీస్ బండి పేరు ఎంబీ, ఫోర్డ్ బండి పేరు జీపీడబ్ల్యూ. 1941 నుంచి 1945 వరకు రెండు కంపెనీలూ కలిసి 6 లక్షలకు పైగా తయారు చేశాయి. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్నవి మన దేశంలో వేలాల్లో అమ్ముడయ్యాయి. రెండోది మహీంద్రా తయారు చేసిన సీజే 3బీ, బానెట్ ఎత్తుగా ఉంటుంది. దాన్ని దశాబ్దాల పాటు తయారు చేశారు కాబట్టి సామాను నేటికీ దొరుకుతుంది.

మూడు రాడ్ల అమరిక రెండింటిలోనూ ఉంటుంది. అందుకే ఒక్క ఫొటో చూసి తేల్చకూడదు. ముందుగా ఒక విన్నపం: దయచేసి ఇప్పుడే ఏమీ శుభ్రం చేయకండి. వైరు బ్రష్షు, గ్రైండరు దగ్గరకు రానివ్వకండి. పాత రంగు, అచ్చులో పోసినప్పుడు పడిన అక్షరాలు, బోల్టు తలల మీద గుర్తులు, ఇవే సాక్ష్యాలు. గ్రీజు గట్టిపడి ఉంటే కిరసనాయిలులో ముంచిన గుడ్డతో తుడవండి, అంతవరకే.

పలాస జీపు (పలాస)
నా దగ్గర సీజే 3బీ ఉంది. రెండో గేరులో వేసి యాక్సిలరేటరు వదిలితే గేరు జారిపోతోంది. ఇదే రాడ్డు వేస్తే సరిపోతుందా?

నాగావళి గ్యారేజి (శ్రీకాకుళం)
రాడ్డు మారిస్తే తగ్గే జబ్బు కాదది. గేరును పట్టి ఉంచే గుండు, స్ప్రింగు, గేరును జరిపే ఫోర్కు అరుగుదల చూపించండి. వివరాలతో వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

దాసన్నపేట షెడ్డు (విజయనగరం)
చాలా సంతోషం. ఏమీ తోమలేదు. గుడ్డతో తుడిస్తే పొట్టి రాడ్ల మీద ముదురు ఆకుపచ్చ రంగు అక్కడక్కడ బయటపడింది. వాటితోపాటు గోనెలో ఉన్న బోల్టుల్లో ఒకదాని తల మీద ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఉంది, ఒంపుగా చేత్తో రాసినట్టు. ఫొటో జత చేశాను.

ఇంకో సంగతి. మా అమ్మ దగ్గర పాత ఫొటో ఒకటి ఉంది. నాన్నగారు కుర్రవాడిగా ఒక జీపు ముందు నిలబడి ఉన్నారు. ఆ బండి మా తాతగారి స్నేహితుడిదట, గజపతినగరం వైపు కలప పనికి తిరిగేదట.

కోట జంక్షన్ (విజయనగరం)
ఎఫ్ అంటే ఫోర్డ్! అయితే అది యుద్ధంలో తిరిగిన ఫోర్డ్ జీపుదే. అక్కా, ఇక మీరు లక్షల్లో అడగవచ్చు.

నాగావళి గ్యారేజి (శ్రీకాకుళం)
తొందరపడవద్దు. ఫోర్డ్ తన బండిలోని చాలా భాగాల మీద, బోల్టు తలల మీద కూడా ఆ ఎఫ్ గుర్తు వేసేది. అది నిజం. కానీ బోల్టు ఒక బండిలోంచి ఇంకో బండిలోకి సులువుగా వెళ్లిపోతుంది. యాభై ఏళ్లు షెడ్డులో ఉన్న ఒక్క బోల్టును పట్టుకుని ఇది ఫోర్డ్ అని రాసి అమ్మితే, తెలిసినవాడు ఒక్క ప్రశ్న వేసి మన మాటలన్నీ కొట్టిపారేస్తాడు. పైగా యుద్ధ జీపుల గేరుపెట్టెను విల్లీస్‌కు, ఫోర్డ్‌కు కూడా తయారు చేసి ఇచ్చింది వార్నర్ గేర్ సంస్థ. కాబట్టి గేరు సామానును పట్టుకుని విల్లీస్, ఫోర్డ్ తేడా తేల్చడం దాదాపు అసాధ్యం. తేల్చవలసింది యుద్ధ కాలందా, తర్వాతిదా అన్న ఒక్క విషయమే.

అమ్మా, ఆ ఫొటోలో బండి ముఖం కనిపిస్తే ముందున్న జాలీకి ఎన్ని నిలువు సందులున్నాయో లెక్కపెట్టండి. హెడ్‌లైట్లు జాలీ వెనక లోపలికి ఉన్నాయా, బయటకు పొడుచుకు వచ్చాయా? స్టీరింగు ఏ వైపు? వెనక భాగం కనిపిస్తే, స్టెప్నీ ఎక్కడుందో చూడండి.

దాసన్నపేట షెడ్డు (విజయనగరం)
భూతద్దం పెట్టి చూశాం. సందులు 9. లైట్లు చిన్నవి, జాలీకి వెనక ఉన్నాయి. స్టీరింగు ఎడమవైపు. వెనక కనబడటం లేదు.

సాలూరు ఘాటీ (సాలూరు)
9 సందులంటే సైన్యం బండే. తర్వాత మామూలు జనానికి అమ్మినవాటికి 7. ఎడమ స్టీరింగు బండిని ఘాటీలో నడపాలంటే ఎదురుగా వచ్చే లారీ కనబడదు, పక్కన కూర్చున్నవాడు తల బయటపెట్టి "రా, రా" అని చెప్పాల్సిందే. అలాంటివి సాలూరులో కూడా రెండు మూడు ఉండేవి.

నాగావళి గ్యారేజి (శ్రీకాకుళం)
బండి సంగతి తేలింది: అది యుద్ధ కాలపు జీపు. కానీ ఈ రాడ్లు ఆ బండివే అనడానికి ఫొటో చాలదు. యుద్ధ జీపుల్లో ఉన్నది టీ 84 అనే 3 గేర్ల పెట్టె. కొంచెం నాజూకైనది. రెండో గేరుకు, మూడో గేరుకు మాత్రమే సింక్రోమెష్ (పళ్లు రాసుకోకుండా వేగాలు కలిపే అమరిక) ఉంటుంది, మొదటి గేరు వేయాలంటే బండి పూర్తిగా ఆగాలి. ఆగకుండా తోసినవాళ్లు పళ్లు విరగ్గొట్టుకున్నారు. అందుకే మన దగ్గర చాలామంది దాన్ని పీకేసి, తర్వాతి జీపులకు వచ్చిన దృఢమైన టీ 90 పెట్టె బిగించుకున్నారు. మీ నాన్నగారి చేతి మీదుగా అలాంటి మార్పిడి జరిగి ఉంటే, తీసేసిన పాత సామానే ఆయన చుట్టి పెట్టి ఉండాలి. అలాగైతే పెట్టె కూడా ఆ షెడ్డులోనే ఎక్కడో ఉండే అవకాశం ఉంది. దయచేసి ఇనుము ఆయనను రెండు రోజులు ఆగమనండి, మూలమూలనా వెతకండి. పెట్టె పక్కభాగాన అచ్చులో పోసిన అక్షరాలుంటాయి.

దాసన్నపేట షెడ్డు (విజయనగరం)
ఉంది!

రేకుల కింద, పాత టైర్ల వెనక, మట్టి పట్టి నల్లటి దిమ్మలా ఉంది. నేనూ తమ్ముడూ కలిసి బయటకు లాగాం. నాన్నగారు ముందున్న రంధ్రాన్ని గుడ్డ కుక్కి మూశారు, పైన గేరు రాడ్డు వచ్చే చోట రేకు ముక్క కట్టారు. లోపల నూనె ఇంకా ఉంది, నల్లగా గంజిలా. మీరు చెప్పినట్టు కిరసనాయిలు గుడ్డతో పక్కభాగం తుడిస్తే ఉబ్బెత్తుగా "టీ 84 జె" అని ఇంగ్లీషులో కనిపించింది, తర్వాత ఇంకో అంకె. దానికి వెనక ఇంకో పెట్టె అతుక్కుని ఉంది, దాని వెనక చిన్న డ్రమ్ము. పొడవైన రాడ్డు దాని చోటులో పెట్టి చూస్తే గుండు సరిగ్గా కూర్చుంది. మాకు ఏడుపు వచ్చింది. ఆయన ఎన్నేళ్లు కాపాడుకున్నారో.

సాలూరు ఘాటీ (సాలూరు)
అమ్మా, ఆయన మంచి మెకానిక్. రంధ్రాలు మూసి పెట్టినవాడు ఎప్పటికైనా దీన్ని మళ్లీ బిగిద్దామని అనుకున్నవాడే.

నాగావళి గ్యారేజి (శ్రీకాకుళం)
అద్భుతం. వెనక పెట్టె ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె, స్పైసర్ 18 రకం. డ్రమ్ము హ్యాండ్ బ్రేకుది, యుద్ధ జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర కాక అక్కడే పట్టేది. ఇప్పుడు రెండు పరీక్షలు చేయండి, పెట్టె విప్పనక్కర్లేదు.

మొదటిది సుద్దముక్క పరీక్ష. పొడవైన రాడ్డుతో మూడో గేరు వేయండి. పటం ఇలా ఉంటుంది: ఎడమ పైన రివర్సు, ఎడమ కింద ఒకటి, కుడి పైన రెండు, కుడి కింద మూడు. తర్వాత పొట్టి రాడ్లలో ముందు చక్రాలది కలిపి, అప్పుడు రెండోదాన్ని 'లో' స్థానంలోకి మార్చండి. ముందు చక్రాలు కలపకుండా 'లో' పడదు, అలా అడ్డు పెట్టారు లోపల. ఇప్పుడు ముందుకు పొడుచుకు వచ్చిన పళ్ల కడ్డీ మీద ఒక గీత, వెనక డ్రమ్ము మీద ఒక గీత గీయండి. కడ్డీని చేత్తో తిప్పుతూ, డ్రమ్ము సరిగ్గా ఒక చుట్టు తిరగడానికి కడ్డీ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. యుద్ధ జీపులకు ఈ 'లో' నిష్పత్తి 1.97, అంటే రెండు చుట్లకు వెంట్రుకవాసి తక్కువ. తర్వాతి జీపుల్లో అది 2.4 దాటుతుంది, అంటే ఇంచుమించు రెండున్నర చుట్లు. తేడా కంటికే తెలుస్తుంది.

రెండోది, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక పక్క బయటకు కనబడే మధ్య షాఫ్టు కొన. దాన్ని వెర్నియరుతో (సన్నని కొలతలు తీసే పరికరం) కొలవండి. యుద్ధ జీపులకు ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. తర్వాతివాటికి అంగుళం పైనే.

పట్టేసి ఉంటే బలవంతం చేయకండి. డీజిలు పోసి ఒక రాత్రి నాననివ్వండి.

పాత సామాను (బొబ్బిలి)
అమ్మా, అంత శ్రమ ఎందుకు? ఆ మూడు రాడ్లు మాత్రం నాకివ్వండి, రేపే వచ్చి డబ్బు చేతిలో పెడతాను. పెట్టె మీరు ఇనుముకు వేసుకోండి. దాని లోపల పళ్లు ఎలా ఉన్నాయో ఎవరికి తెలుసు? ఎవరూ కొనరు.

నాగావళి గ్యారేజి (శ్రీకాకుళం)
బొబ్బిలి సోదరా, మీరు వ్యాపారం చేస్తారు, కాదనను. కానీ ఆమెకు పూర్తి సంగతి తెలియాలి. రాడ్లు విడిగా అమ్మితే రాడ్ల ధర. పెట్టె విడిగా అమ్మితే రాడ్లు లేని పెట్టె ధర. ఒకే బండిలోంచి దిగి, అప్పటినుంచి కలిసే ఉన్న పూర్తి జత వేరు. యుద్ధ జీపును అసలు రూపానికి తెచ్చుకునేవాళ్లకు పెద్ద కష్టమే ఇది: ఒకరి దగ్గర పెట్టె, ఇంకొకరి దగ్గర రాడ్డు, జంట రాడ్లలో ఒకటి ఉండి ఒకటి ఉండదు, ఆ జతకు గుచ్చే కడ్డీ అసలే ఉండదు. ఇక్కడ అన్నీ ఉన్నాయి. లోపల ఒక గేరు పళ్లు పోయినా పైపెట్టె, అక్షరాలు, రాడ్లు, మూత విలువైనవే. విడదీయవద్దని నా గట్టి అభిప్రాయం.

సాలూరు ఘాటీ (సాలూరు)
నాదీ అదే మాట. ముక్కలు చేసి అమ్మిన బండి మళ్లీ ఒక్కటి కాదు. మా సాలూరులో ఎన్ని మంచి బండ్లు అలా పోయాయో చూశాను.

దాసన్నపేట షెడ్డు (విజయనగరం)
రాత్రంతా డీజిల్లో నానింది. పొద్దున తమ్ముడు కడ్డీ తిప్పితే మొదట కదల్లేదు, తర్వాత గర్రుమని తిరిగింది. సుద్ద గీతలు గీసి మూడుసార్లు చూశాం, వీడియో కూడా తీశాం. రెండు చుట్లు పూర్తి కాకముందే డ్రమ్ము గీత చోటుకు వచ్చేస్తోంది, అతి కొద్ది తేడాలో. షాఫ్టు కొన 19 మిల్లీమీటర్లు. అన్ని గేర్లూ పడుతున్నాయి. మొదటి గేరులో తిప్పితే ఒకచోట చిన్నగా టక్కుమంటోంది.

నాగావళి గ్యారేజి (శ్రీకాకుళం)
ఇక అనుమానం లేదు. పెట్టె మీద అక్షరాలు, నిష్పత్తి, షాఫ్టు కొలత, మూడూ ఒకే మాట చెబుతున్నాయి. ఆ టక్కుమనే చప్పుడు మొదటి గేరు పన్ను ఒకటి చిట్లినందువల్ల కావచ్చు. దాన్ని దాచవద్దు. ప్రకటనలో ముందే రాయండి. ఇలా రాస్తే బాగుంటుందని నా ఆలోచన, మార్చుకోండి:

"అమ్మకానికి: యుద్ధ కాలపు జీపు గేరుపెట్టె, టీ 84 జె, స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసుతో, మూడు అసలు రాడ్లతో. చాలా ఏళ్లుగా విజయనగరంలో మెకానిక్ షెడ్డులో, రంధ్రాలు మూసి భద్రపరిచినది. 'లో' నిష్పత్తి, షాఫ్టు కొలత పరీక్షించి చూశాం, వీడియో ఉంది. అన్ని గేర్లూ పడుతున్నాయి. మొదటి గేరులో ఒకచోట చప్పుడు ఉంది, పెట్టె విప్పి చూడలేదు. విల్లీసా, ఫోర్డా అని మేము చెప్పడం లేదు. విడిభాగాలుగా అమ్మం."

సంవత్సరం రాయవద్దు. ఏ యుద్ధరంగంలో తిరిగిందో అంతకన్నా రాయవద్దు. మన దగ్గర ఉన్న సాక్ష్యం ఎంతవరకో అంతవరకే చెబితే కొనేవాడికి నమ్మకం కలుగుతుంది.

కోట జంక్షన్ (విజయనగరం)
అక్కా, ధర ఎంత అని పెట్టకుండా "ఇష్టమైనవారు తమ ధర చెప్పండి" అని వారం గడువు పెడితే? యుద్ధ జీపులు ఉన్నవాళ్లు విశాఖలో, హైదరాబాదులో, కోయంబత్తూరులో ఉంటారు. వాళ్ల బృందాల్లో నేనే పంచుతాను. ప్రకటన ఇంగ్లీషులో కూడా రాసిస్తాను.

దాసన్నపేట షెడ్డు (విజయనగరం)
తప్పకుండా బాబూ, నీకు చాలా పుణ్యం ఉంటుంది. ఒక సందేహం. బండి కాగితాలు మా దగ్గర ఏమీ లేవు. అమ్మితే ఏమైనా ఇబ్బంది వస్తుందా?

సాలూరు ఘాటీ (సాలూరు)
ఆర్‌సీలో ఉండేవి ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు. గేరుపెట్టె విడిభాగం, దానికి ఆర్‌సీ ఉండదు. అయినా తెల్లకాగితం మీద ఎవరికి, ఎప్పుడు, ఎంతకు, ఏ సామాను అమ్మారో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి, ఒక నకలు ఉంచుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి.

బీచ్ రోడ్డు (విశాఖపట్నం)
నమస్కారం మేడమ్. కోట జంక్షన్ గారు పంపిన ప్రకటన చూసి సభ్యుడిగా చేరాను. నా దగ్గర 1944 నాటి విల్లీస్ ఎంబీ ఉంది. ఎవరో దానికి టీ 90 పెట్టె బిగించి, నేలరేకును కోసి రంధ్రం పెద్దది చేశారు. నేలరేకు సరిచేయించాను, పెట్టె కోసం ఎదురు చూస్తున్నాను. మీ వీడియో చూశాను. ఆ చప్పుడు నాకు అభ్యంతరం కాదు, ఎలాగూ పెట్టె విప్పించి బేరింగులు, సీళ్లు మారుస్తాను. ఆదివారం విజయనగరం వచ్చి చూడవచ్చా? విడదీయలేదు, గ్రైండరు పెట్టలేదు, అందుకు ముందుగానే కృతజ్ఞతలు. నా ధర మీకు విడిగా పంపాను.

పాత సామాను (బొబ్బిలి)
విశాఖ ఆయన చెప్పిన ధర ఎంతో ఇక్కడ పెడితే నేనూ చెబుతాను.

నిర్వాహకులు
ఇతరులు చెప్పిన ధరలను వారి అనుమతి లేకుండా ఇక్కడ పెట్టకూడదు. కొనదలచినవారు ప్రకటనలోని గడువులోగా అమ్మేవారికి నేరుగా రాయండి.

దాసన్నపేట షెడ్డు (విజయనగరం)
ఆదివారం విశాఖ ఆయన వాళ్ల మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. గంటన్నర కూర్చుని తిప్పి చూశారు, పైమూత తీసి టార్చి వేసి లోపల చూశారు. మొదటి గేరు పన్ను ఒకటి అంచు చిట్లింది, నాగావళి గారు అన్నట్టే. గడువు పూర్తయ్యేవరకు ఆగుతానని నేను చెబితే ఆయన సరేనన్నారు. ఇంకో ముగ్గురు ధరలు పంపారు. ఒకరు కొంచెం ఎక్కువే చెప్పారు గానీ రాడ్లు తనకు ఉంచుకుని పెట్టెను మళ్లీ అమ్ముతానని మాటల్లో బయటపెట్టారు. ఎక్కువ వచ్చినా అలా పోవడం మా అమ్మకు ఇష్టం లేదు. విశాఖ ఆయనకే ఇచ్చాం. ఇనుము ఆయన మొత్తం షెడ్డుకు ఇస్తానన్నదాని కంటే ఈ ఒక్కదానికి వచ్చింది చాలా ఎక్కువ.

బండి ఇంజన్ పని పూర్తయ్యాక తీసుకువస్తానన్నారు, మా అమ్మను ఎక్కించుకుని పెద్ద చెరువు గట్టు చుట్టూ తిప్పుతానన్నారు.

బీచ్ రోడ్డు (విశాఖపట్నం)
తప్పకుండా మేడమ్. సామాను వ్యానులో క్షేమంగా చేరింది. నాగావళి గారూ, ముందు చక్రాల రాడ్డు బుష్షు (కడ్డీ చుట్టూ ఉండే గొట్టం) బాగా వదులైంది. లేతు మీద కొత్తది చేయించాలంటే ఇత్తడి మేలా, ఉక్కు మేలా?

నాగావళి గ్యారేజి (శ్రీకాకుళం)
ముందు కడ్డీని నాలుగైదు చోట్ల కొలవండి, అరిగింది బుష్షా కడ్డీయా అన్నది తేలాలి. కడ్డీ బాగుంటే గన్ మెటల్‌తో (రాగి, తగరం కలిసిన లోహం) చేయించండి, అరిగినా బుష్షే అరుగుతుంది గానీ కడ్డీ పాడవదు. కొలతలు పంపితే శ్రీకాకుళంలో మా లేతు వద్ద చేయించి ఆర్టీసీ కార్గోలో వేస్తాను.